వేసవి ఇంటర్న్‌షిప్ నేర్పిన వడ్డీ లెక్క

ప్రతి ఏటా ఎండలు ముదిరే వేళకు ఎం.బి.ఏ. చదివే విద్యార్థుల ఇళ్ళలో ఒక కొత్త మాట వినిపిస్తుంది. అదే వేసవి ఇంటర్న్‌షిప్. రెండేళ్ళ చదువు మధ్యలో ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు ఏదైనా సంస్థలో పనిచేసి, అక్కడ నేర్చుకున్నదానిపై నివేదిక సమర్పించడమే దీని సారాంశం. ఫైనాన్స్ ప్రధానాంశంగా తీసుకున్నవారు బ్యాంకులకు, బీమా సంస్థలకు, షేర్ల దళారీ సంస్థలకు, రుణ సంస్థలకు వెళతారు. పని నచ్చితే చదువు పూర్తికాకముందే ఉద్యోగానికి పిలుపు రావచ్చు. అందుచేత తల్లిదండ్రులకూ ఈ ఎనిమిది వారాలపై ఆశ ఎక్కువే.

అయితే ఈ కాలంలో విద్యార్థి నిజంగా ఏమి చేస్తాడు, ఏమి నేర్చుకుంటాడు, ఎటువంటి ఇరకాటంలో పడతాడు అన్నది ఇంట్లోవారికి తెలిసే అవకాశం తక్కువ. కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాకు చెందిన ఒక తెలుగింటి విద్యార్థిని 2024 వేసవిలో గడించిన అనుభవం ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బెంగళూరు కళాశాలలో ఇంగ్లీషు, ఇలా మూడు భాషల మధ్య పెరిగిన అమ్మాయి ఆమె. తండ్రి టమాటా మండీలో లెక్కలు రాసే గుమాస్తా.

అద్దాల మేడ కాదు, గ్రామ కేంద్రం

తోటి విద్యార్థులు పలువురు బెంగళూరులోని పెద్ద కార్యాలయాలలో చేరారు. ఆమెకు దొరికినది ఒక సూక్ష్మరుణ సంస్థ. అదీ సొంత జిల్లాలోని ఒక చిన్న బ్రాంచిలో. చల్లని గదిలో కంప్యూటరు ముందు కూర్చుని కంపెనీల ఆస్తి అప్పుల పట్టీలు పరిశీలించవచ్చునని ఆమె ఊహించుకున్నది. మొదటి రోజు ఉదయం ఏడు గంటలకే ఒక ఫీల్డ్ ఆఫీసరు మోటారు సైకిల్ వెంబడి పల్లెకు వెళ్ళవలసి వచ్చింది. రామాలయం అరుగుపై పాతికమంది స్త్రీలు వరుసగా కూర్చుని ఉన్నారు. చేతిలో రుణ కార్డు, కొంగు ముడిలో కంతు సొమ్ము. దీనినే ఆ రంగంలోనివారు సెంటర్ మీటింగ్ అంటారు.

సూక్ష్మరుణం అంటే తాకట్టు లేకుండా పేద కుటుంబాలకు ఇచ్చే చిన్న అప్పు. కొందరు స్త్రీలు ఒక బృందంగా ఏర్పడి ఒకరికొకరు జామీనుగా నిలుస్తారు. ఒకరు కట్టలేకపోతే మిగిలినవారిపై ఒత్తిడి పడుతుంది. బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనస్ 1976లో చిన్న ప్రయోగంగా ఆరంభించి, 1983లో గ్రామీణ బ్యాంకుగా స్థిరపరచిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. మన దేశంలో స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో ముడిపెట్టే కార్యక్రమాన్ని నాబార్డు 1992లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అంతకు ముందే, 1980ల నడుమ, కర్ణాటకలో మైరాడా సంస్థ పల్లెలలో పొదుపు సంఘాలను కూడగట్టింది.

ఈ చరిత్రకు మరొక ముఖం కూడా ఉన్నది. 2009లో కోలారు పట్టణంలో సూక్ష్మరుణాల చెల్లింపులు పెద్ద ఎత్తున నిలిచిపోయాయి. మరుసటి ఏడు, 2010 అక్టోబరులో, వసూలు వేధింపులపై వెల్లువెత్తిన ఆరోపణల నేపథ్యంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ జారీ చేసింది. ఆ రాష్ట్రంలో వసూళ్ళు కుప్పకూలాయి. రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగం సంఘం 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఈ సంగతులన్నీ విద్యార్థిని పాఠ్యపుస్తకంలో రెండు పేరాలుగా చదివినవే. తాను కూర్చున్న అరుగుకు అవి ఎంత దగ్గరివో ఆ వేసవిలోనే ఆమెకు తెలిసింది.

నూటికెంత?

మొదటి వారంలో ఆమెకు అప్పగించిన పని తేలికైనదే. రుణం తీసుకున్నవారికి వడ్డీ రేటు తెలుసునో లేదో కనుక్కోవాలి. సంస్థ పత్రంపై ఏడాదికి 24 శాతం అని స్పష్టంగా ముద్రించి ఉన్నది. కానీ అడిగిన ఏ స్త్రీ కూడా శాతం లెక్కలో జవాబు చెప్పలేదు.

"శాతం గీతం మాకేం తెలుసు పాపా, నూటికెంతో చెప్పు" అన్నది ఒక పెద్దావిడ.

ఆ ప్రశ్నలోనే జవాబు ఉన్నది. పల్లెలలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకోవడం అనాదిగా వస్తున్నది. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. "రెండు రూపాయల వడ్డీ అక్కా" అనగానే అరుగుపై ఉన్నవారందరికీ విషయం అర్థమైంది. ఏటా శాతాన్ని పన్నెండుతో భాగిస్తే రూపాయల వడ్డీ వస్తుందన్న చిన్న లెక్క ఆ ఎనిమిది వారాలూ ఆమెకు తోడుగా నిలిచింది.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. ఆ స్త్రీలలో కొందరు స్థానిక ఫైనాన్సు వ్యాపారుల వద్ద కూడా అప్పు తెచ్చుకున్నారు. "వాళ్ళది రూపాయి వడ్డీనే, మీదే ఎక్కువ" అని వారి వాదన. నిజమేనా? విద్యార్థిని కాగితంపై లెక్క వేసింది. పాఠకులు కూడా ఈ లెక్కను ఒకసారి వేసి చూడటం మంచిది.

60,000 రూపాయల అప్పు. రూపాయి వడ్డీ, అనగా ఏడాదికి 12 శాతం. గడువు పన్నెండు నెలలు. వ్యాపారి మొత్తం అసలుపై ఏడాది వడ్డీ 7,200 రూపాయలు కలిపి, 67,200ను పన్నెండుతో భాగించి, నెలకు 5,600 కట్టమంటాడు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ప్రతి నెలా అసలు తరుగుతూనే ఉన్నది. మొదటి నెలలో చేతిలో ఉన్నది 60,000 అయితే చివరి నెలకు మిగిలేది ఐదు వేల చిల్లర మాత్రమే. ఏడాది పొడవునా సగటున అప్పుగా నిలిచిన సొమ్ము సుమారు ముప్పై మూడున్నర వేలు మాత్రమే. దానిపై 7,200 వడ్డీ అంటే అసలు రేటు 12 శాతం కాదు, సుమారు 21.5 శాతం.

తరిగే అసలుపైనే 12 శాతం లెక్కగడితే నెలసరి కంతు సుమారు 5,331 రూపాయలు, ఏడాది మొత్తం వడ్డీ నాలుగు వేల రూపాయల లోపే. ఒకే 12 శాతం, రెండు లెక్కలు, మూడు వేల రెండు వందలకు పైగా తేడా.

ఇంతటితో ఆగలేదు. కాగితాల ఖర్చని, బీమా అని 1,800 రూపాయలు ముందే పట్టుకుంటే చేతికి వచ్చేది 58,200 మాత్రమే. కట్టవలసిన కంతు మాత్రం అదే 5,600. అప్పుడు అసలు రేటు 27 శాతం దాటుతుంది. రూపాయి వడ్డీ అనుకున్నది కాస్తా రెండుంబావు రూపాయల వడ్డీ అయి కూర్చున్నది.

రుణదాత సకల ఖర్చులనూ కలిపి ఏడాది రేటును ఒకే అంకెగా, సులభమైన పత్రంపై చూపాలని సూక్ష్మరుణాలకు రిజర్వు బ్యాంకు నియమం పెట్టినది ఇందుకే. 2022 మార్చి 14న జారీ అయిన ఆ మార్గదర్శకాలు అదే ఏడు ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఏడాదికి మూడు లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులన్నీ ఈ నియమాల కిందికి వస్తాయి. గడువుకు ముందే అప్పు తీర్చితే జరిమానా వేయరాదు. కంతు ఆలస్యమైతే ఆ మిగులు మొత్తంపైనే తప్ప మొత్తం అప్పుపై జరిమానా విధించరాదు. వసూలు కోసం ఉదయం తొమ్మిదికి ముందుగానీ సాయంత్రం ఆరు దాటాకగానీ ఫోన్లు చేయరాదు. ఇవన్నీ ఆమె ఆ వారంలోనే కంఠస్థం చేసింది.

ఇరవై నాలుగు వేలు

మూడవ వారంలో అసలు పరీక్ష ఎదురైంది. కంతులు ముప్పై రోజులకు పైగా నిలిచిపోయిన కొన్ని ఖాతాలను ఆమెకు అప్పగించి, కారణాలు తేల్చమన్నారు. తొంభై రోజులు దాటితే అప్పు మొండిబాకీ లెక్కలోకి పోతుంది కనుక సంస్థకు ఆ సమాచారం ముఖ్యమే.

దస్తాలు ముందు వేసుకుని కూర్చున్నప్పుడు ఆమెకు ఒక సంగతి విచిత్రంగా తోచింది. సగానికి పైగా దరఖాస్తులలో కుటుంబ నెలసరి ఆదాయం 24,000 రూపాయలనే రాసి ఉన్నది. పూలు అమ్ముకునే ఇంటికీ అదే, పాడి ఉన్న ఇంటికీ అదే, కూలికి పోయే ఇంటికీ అదే.

ఈ అంకె వెనుక కిటుకు అర్థం కావాలంటే 2022 నియమాలలోని మరొక షరతును తెలుసుకోవాలి. ఒక కుటుంబం నెలనెలా కట్టే అప్పుల కంతులన్నీ కలిపి, కొత్త అప్పు కంతుతో సహా, ఆ కుటుంబ నెలసరి ఆదాయంలో సగానికి మించరాదు. భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు కలిస్తే కుటుంబం. ఏడాదికి మూడు లక్షలంటే నెలకు పాతిక వేలు. 24,000 అని రాస్తే మూడు లక్షల హద్దు లోపలే ఉంటుంది, కంతుల హద్దు మాత్రం 12,000 వరకు పెరుగుతుంది. రెండు నియమాలకూ సరిపోయే అంకె అది.

ఆమె ఒక ఇంటికి వెళ్ళి నెలల వారీగా అడిగి రాసుకున్నది. భర్త రెండెకరాలు గుత్తకు తీసుకుని టమాటా పెడతాడు. భార్య కూలికి వెళుతుంది. కొడుకు చదువుకుంటున్నాడు. పంట చేతికి వచ్చిన నెలల్లో డబ్బు ఉంటుంది, మిగతా నెలల్లో కూలి డబ్బే ఆధారం. ఏడాది మొత్తం కూడితే 1,92,000. అనగా నెలకు సగటున 16,000, అందులో సగం 8,000. అప్పటికే ఆ ఇంటివారు మూడు చోట్ల కలిపి 6,600 కంతు కడుతున్నారు. కొత్త అప్పు కంతు 2,900. మొత్తం 9,500. నిజమైన ఆదాయం రాసి ఉంటే ఆ అప్పు మంజూరు అయ్యేది కాదు.

టమాటా ఆదాయాన్ని సగటు లెక్కలో చూడటమే పొరపాటని కూడా ఆమెకు అక్కడే అర్థమైంది. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటిన సంగతి తెలిసినదే. ఆ ధరను చూసి మరుసటి పంటకు అప్పులు చేసినవారు ఎందరో. ధర పడిపోతే కోత కూలి కూడా గిట్టని రోజులు ఆ ప్రాంత రైతులకు కొత్త కాదు. ఆదాయం పంటకు వస్తుంది, కంతు మాత్రం నెలనెలా వస్తుంది. ఈ రెండింటి మధ్య ఎడం పూడ్చటానికే మరొకచోట అప్పు చేయవలసి వస్తున్నది.

"ఒకచోట తెచ్చి ఇంకోచోట కడతా ఉండాము పాపా. నాలుగోది దొరికితే మూడోది తీరుస్తాము" అన్నది ఆ ఇల్లాలు. ఫిర్యాదు చేస్తున్న గొంతు కాదది. వంట ఎలా చేస్తారో చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

రాయాలా, వద్దా?

విషయం బ్రాంచి మేనేజరుకు చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపోలేదు. "ఇది అందరూ రాసే అంకేనమ్మా. మేము ఇవ్వకపోతే పక్క సంస్థ ఇస్తుంది. నెలాఖరుకు మా లక్ష్యం మాకుంటుంది" అన్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఫీల్డ్ ఆఫీసర్ల ప్రోత్సాహక భత్యం, ఎన్ని అప్పులు ఇప్పించారు, ఎంత వసూలు చేశారు అన్నదానిపై ఆధారపడి ఉన్నది. ఎన్ని తప్పుడు అప్పులు ఆపారు అన్నదానికి ఏ పట్టికలోనూ గడి లేదు.

విద్యార్థినిని ఎక్కువగా కలవరపెట్టినది మరొకటి. ఆ దరఖాస్తులలో అధికభాగం నింపినవాడు మొదటి రోజు ఆమెను పల్లెకు తీసుకువెళ్ళిన ఫీల్డ్ ఆఫీసరే. పక్క ఊరి తెలుగు కుర్రవాడు. ఇంటికి అతని జీతమే ఆధారం. ఉన్నది ఉన్నట్లు రాస్తే అతని ఉద్యోగం పోవచ్చు. రాయకపోతే మరో పాతిక ఇళ్ళు అదే అంకె కింద అప్పులో కూరుకుపోవచ్చు. రాసినందువలన తనకు రావలసిన ఉద్యోగ పిలుపు రాకపోవచ్చు. కళాశాలలో ఫైనాన్స్ పాఠాలు చెప్పిన ఏ అధ్యాపకుడూ ఈ లెక్కను బోర్డుపై వేయలేదు.

ఆ ఆదివారం ఇంట్లో తండ్రి ఎదుట ఈ మాట ఎత్తింది. మండీ గుమాస్తాగా ఇన్నేళ్ళు పనిచేసినవాడు కనుక ఆయన చెప్పినది తన వృత్తి మాటే. "బాక్సులో ఎంతుందో చీటీలో అంతే రాయాల. తగ్గించి రాయమని వ్యాపారి అడుగుతాడు, పెంచి రాయమని రైతు అడుగుతాడు. ఒక్కసారి రాస్తే ఇంక ప్రతిరోజూ అడుగుతారు."

చివరకు ఆమె నివేదిక రాసింది. అయితే మనుషుల గురించి కాక పద్ధతి గురించి రాసింది. ఎవరి పేరూ ఎత్తలేదు. ఒక పట్టికలో దరఖాస్తులోని ఆదాయం, దాని పక్కన నెలల వారీగా అడిగినప్పుడు తేలిన ఆదాయం పెట్టింది. ఆదాయాన్ని ఒకే అంకెగా అడిగే గడి ఉన్నంతకాలం ఎవరైనా సరిపోయే అంకెనే రాస్తారని వివరించింది. పన్నెండు నెలలకు పన్నెండు గడులు పెట్టి, పంట నెలలు, కూలి నెలలు వేరుగా రాయించాలని సూచించింది. స్వయం సహాయక సంఘాల అప్పు, చీటీల బాకీ, చేబదుళ్ళు కూడా అడగాలన్నది. పరపతి సమాచార సంస్థల నివేదికలో చేబదుళ్ళు, ఊరి వడ్డీ అప్పులు కనిపించవు గనుక ఈ సూచన ముఖ్యమైనది.

భాష కూడా రుణ నియమమే

నివేదికలో మరొక భాగం సరిహద్దు జిల్లాల పాఠకులు ప్రత్యేకంగా గమనించదగినది. రుణ పత్రాలు, సమాచారం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. ముళబాగిలు, శ్రీనివాసపురం ప్రాంతాలలో ఇంట్లో తెలుగు మాట్లాడే స్త్రీలు అనేకులు. బడికి వెళ్ళినవారు చదవగలిగేది కన్నడం. బడికి వెళ్ళనివారికి ఏ లిపీ అక్కరకు రాదు. కన్నడంలో అచ్చువేసిన పత్రంతో నియమం తీరినట్లే లెక్క. కానీ దానిని తెలుగులో చదివి వినిపించే బాధ్యత ఆ వేసవిలో ఆమె చూసిన ఏ కాగితంలోనూ లేదు. రేటు, మొత్తం వడ్డీ, నెలసరి కంతు, ముందే పట్టుకునే సొమ్ము అనే నాలుగు సంగతులను ఆ ఇంటి భాషలో, నూటికి ఇంత అన్న లెక్కలో, సంతకానికి ముందు నోటితో చెప్పాలని ఆమె సూచించింది. ఒక కేంద్రంలో తానే అలా చెప్పి చూసింది. వచ్చిన ఐదుగురిలో ఇద్దరు అప్పు వద్దని లేచి వెళ్ళారు. ఆ రోజు మేనేజరు ముఖం ముడుచుకున్న మాట నిజమే.

తరువాత ఏమైంది?

ఎనిమిదవ వారంలో ప్రధాన కార్యాలయంలో నివేదిక సమర్పణ జరిగింది. పై అధికారి ఒకరు ఒకే ప్రశ్న వేశారు: ఈ లెక్క ప్రకారం పోతే ఎందరికి అప్పు ఇవ్వగలం? "ఇప్పటికంటె తక్కువ మందికే సార్, కానీ తిరిగి కట్టగలిగినవారికి" అని ఆమె జవాబు. పన్నెండు గడుల పత్రాన్ని ఆ ఒక్క బ్రాంచిలో పరీక్షించి చూస్తామన్నారు. ఫీల్డ్ ఆఫీసరు ఉద్యోగం నిలిచింది. ఆమెకు ఉద్యోగ పిలుపు మాత్రం రాలేదు. ఆమె వెళ్ళిపోయే రోజుకు ఆ టమాటా రైతు ఇంటి కంతులు ఇంకా బాకీగానే ఉన్నాయి.

కొన్ని నెలలు గడిచేసరికి కర్ణాటకలో పలుచోట్ల వసూలు వేధింపులపై వార్తలు వెలువడ్డాయి. 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం బలవంతపు వసూళ్ళను నిరోధించే ఆర్డినెన్స్ తెచ్చింది. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన బ్యాంకులు, ఆర్థిక సంస్థలు దాని పరిధిలోకి రావు. వాటికి రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలే వర్తిస్తాయి. అందుచేత అప్పు తీసుకునేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న, ఇచ్చే సంస్థ నమోదైనదా కాదా అన్నది.

విద్యార్థులకు, తల్లిదండ్రులకు

ఈ అనుభవం నుంచి ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళబోయే విద్యార్థులు గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి. సంస్థ పేరు కంటె అక్కడ అప్పగించే పని ముఖ్యం. చేరకముందే ఏ పని చేయవలసి ఉంటుందో, ఎవరి పర్యవేక్షణలోనో, భత్యం ఉన్నదో లేదో లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని విద్యార్థి వద్దనే సొమ్ము అడిగేవారిని నమ్మరాదు. ప్రతిరోజూ చూసినది, విన్నది తేదీ వేసి రాసుకోవాలి. ఖాతాదారుల వివరాలను, కాగితాలను సంస్థ దాటించరాదు. నివేదికలో మనుషులను గుర్తుపట్టే వివరాలు ఉండరాదు. తప్పు కనిపించినప్పుడు ముందు పర్యవేక్షకునికి, ఆ తరువాత కళాశాల మార్గదర్శకునికి చెప్పాలి. కోపంతో కాక లెక్కతో చెప్పాలి.

తల్లిదండ్రులు కూడా ఉద్యోగ పిలుపు ఒక్కదానితోనే ఈ ఎనిమిది వారాలను కొలవరాదు. ఆ విద్యార్థిని చదువు ముగిసేలోగా మరొకచోట ఉద్యోగపు ఇంటర్వ్యూకు వెళ్ళింది. అక్కడ ఆమెను అడిగిన మొదటి ప్రశ్న ఆ పన్నెండు గడుల పట్టిక గురించే.

ఆమె ఊరిలో ఇప్పుడు ఎవరైనా అప్పు కాగితం చేతికి వస్తే ముందుగా వారి ఇంటికి పట్టుకు వస్తున్నారు. "నూటికెంత పడుతుందో చూడు పాపా" అని అడుగుతారు. ఆమె కాగితం తిరగవేసి, చేతికి వచ్చేదెంత, కట్టేదెంత అని రెండే ప్రశ్నలు వేసి లెక్క మొదలుపెడుతుంది.